తాజా రొట్టెతో మిగులు ఏల్

రిటైర్ అవడానికి నాలుగేళ్ల ముందు, ఒక మార్చి నెలలో, అమెరికాలోని రెడ్‌మండ్‌కి అరగంట దూరంలో బీరు కాచే ఒక బ్రూవరీలో క్వాలిటీ మేనేజర్‌గా చేరాను. మా తెలుగు చర్చిలో మాత్రం "ఫుడ్ సేఫ్టీ" అని చెప్పాను. పాస్టరమ్మగారు దాన్ని పాల ఫ్యాక్టరీ అనుకుని, పసిపిల్లల పాలు కాపాడే బిడ్డనని ప్రతి ఆదివారం నాకోసం ప్రార్థన చేసేవారు. నేను దిద్దలేదు. ప్రార్థన ఎవరికి చేదు?

హెడ్ బ్రూవర్ నైజెల్ ఇంగ్లండ్ మనిషి. తాతగారి పద్ధతిలో ఏల్ కాచేవాడు. ఏల్ అంటే వాళ్ల పాతకాలపు బీరు: గ్యాస్ తక్కువ, మంచులా చల్లబరచరు, పీపాలోనే పక్వానికి వస్తుంది. అమెరికన్లు మొదటి గుక్కకి మొహం చిట్లించి, మూడో గ్లాసుకి నైజెల్‌ని కౌగిలించుకునేవారు.

మార్కెటింగ్ వైస్ ప్రెసిడెంట్ శ్రీకర్ గుంటూరువాడు, సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చాడు. బీరు తాగడు గాని బీరు గురించి గంటసేపు స్లైడ్లు చూపించగలడు. మాల్ట్‌లో, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీలో, నాలుగో వంతు తగ్గించి బేకరీల్లో అమ్ముడుపోని రొట్టె వాడదామన్నాడు. ఆలోచన మంచిదే. ఎండిన రొట్టెని పొడి చేసి వేడినీళ్లలో మాల్ట్‌తో కలిపితే అందులోని పిండి చక్కెరగా మారుతుంది. మొదటి మూడు బ్యాచ్‌లు చక్కగా వచ్చాయి. లేబుల్ మీద "మిగిలిన రొట్టెతో, భూమి కోసం" అని వేశారు. ఆర్డర్లు పెరిగాయి. బేకరీల్లో మిగులు మాత్రం పెరగలేదు.

ఆగస్టులో ఒక ఉదయం బ్యాచ్ బిగుసుకుపోయింది. తొట్టి అడుగున జల్లెడ ఉంటుంది, తీపి నీళ్లు దాన్నుంచి కిందికి దిగాలి. ఆ రోజు చుక్క దిగలేదు. లోపల రొట్టె ఉండలు కట్టి బంకలా పట్టేసింది. నైజెల్ చేతిలోని తెడ్డు వదిలేస్తే అది నిటారుగా నిలబడింది. దానికి టోపీ తగిలించి టీకి వెళ్లాడు. వచ్చేసరికి కొత్తగా చేరిన ఇంటర్న్ ఆ తెడ్డుకి గుడ్‌మార్నింగ్ చెబుతున్నాడు.

బ్యాచ్ పోతే డీవియేషన్ రిపోర్ట్ రాయాలి. అందులో "మూలకారణం" అన్న గడి నింపి సంతకం చేసేది క్వాలిటీ మేనేజర్. ఆ రిపోర్ట్ గురించి పెట్టిన మీటింగ్‌కి నైజెల్‌ని పిలవలేదు. అతనికి అప్పటికే ఒక వార్నింగ్ ఉంది, రెండోది పడితే ఉద్యోగం పోతుంది. ఆ సంగతి గదిలో అందరికీ తెలుసు.

బయటికి రాగానే శ్రీకర్ వెంటపడ్డాడు.

"అక్కా, రిపోర్ట్ సింపుల్‌గా క్లోజ్ చేసెయ్. ఆపరేటర్ ఎర్రర్ అని పెట్టు చాలు."

ముడిసరుకు ప్రతి లోడు నుంచీ ల్యాబ్‌లో ఒక నమూనా దాచిపెడతాం. ఆ రొట్టె తేమ అప్పటికే కొలిచాను. ఎండు రొట్టెలో ఉండాల్సినదానికి మూడింతలుంది.

"ఈ రొట్టె ఎప్పటిది శ్రీకర్?"

"వాళ్ల దగ్గర మిగల్లేదక్కా, నన్నేం చేయమంటావ్? మనకోసం ఎక్స్‌ట్రా బేక్ చేయించాం. బయట ఎవరూ కొనలేదు కాబట్టి టెక్నికల్‌గా సర్‌ప్లసే."

"మనం కొన్నాం కదా నాయనా."

"అది ప్రొక్యూర్‌మెంట్ అక్కా. సేల్ కాదు."

అంత చదువూ చదివి ఈ వాక్యం దగ్గరికి చేరాడు పాపం.

గడిలో రాశాను: "మిగులు పేరుతో ప్రత్యేకంగా కాల్పించిన తాజా రొట్టె." తేమ కొలత జతచేసి సంతకం పెట్టాను. సీఈఓ పిలిచి, "తాజా" అన్న మాట లేకుండా "తేమ ఎక్కువైన ముడిసరుకు" అని రాయవచ్చా అన్నాడు. లేబుల్ మీద "మిగిలిన" అన్న మాట తీసేస్తే నేనూ తీసేస్తానన్నాను. రెండు రోజులు ఆలోచించి తీయించాడు. నైజెల్‌కి వార్నింగ్ రాలేదు. బంక పట్టిన సరుకంతా పందుల ఫారానికి వెళ్లింది. పందులు లేబుల్ అడగలేదు. ఏడాది తిరక్కుండా శ్రీకర్ సస్టైనబిలిటీ డైరెక్టర్ అయ్యాడు.

ఆ ఉద్యోగంలో నేర్చుకున్నది ఇదీ: సరుకు పాడవగానే కంపెనీ ముందుగా మీటింగ్‌లో లేని మనిషి కోసం చూస్తుంది. కాబట్టి మీటింగ్‌కి వెళ్లేలోపే నమూనా కొలిచి ఉంచుకోవాలి.