చేపమ్మకు రాని అంకె

చేపమ్మది పాము పగ. పేరు పిల్లలు పెట్టింది గానీ పగ మాత్రం ఆవిడ సొంతం. ఈతకొలనులో వేసే మందు వాసన ఒంటికి అంటుకుపోయేదాకా ఆ నీళ్ళలోనే బతికిన మనిషి. ఊళ్ళో సగంమందికి మునగకుండా ఉండడం నేర్పింది ఆవిడే. కొలనుకి ఇప్పటి మేనేజరు ఆవిడ తమ్ముడి కొడుకు. చిన్నప్పుడు వాడూ ఆవిడ మెడ పట్టుకుని వేలాడి, చెవులు చిల్లులు పడేలా ఏడ్చి ఈత నేర్చుకున్నవాడే.

ఆ మేనల్లుడు ఒక యంత్రం కొనుక్కొచ్చాడు. దాని మీదెక్కి, వయసు నొక్కి, పిడులు పట్టుకుంటే చాలు. బరువు, రక్తపోటు, గుండె వేగం, చేతి పట్టు అన్నీ చూసి ఒంటి అసలు వయసు ఎంతో అంకె చెబుతుంది. పక్కనే గోడకి బోర్డు తగిలించాడు: "యంత్రం మీద అంకె రానివారు నీళ్ళలోకి దిగరాదు."

చేపమ్మ ఎక్కి డెబ్బై ఆరు నొక్కింది. అంకె రాలేదు. 'వయసు పరిధిలో లేదు' అని వచ్చింది.

యంత్రం అమ్మి, బిగించడానికి వచ్చినవాడు నసిగాడు. "పద్దెనిమిది నుంచి డెబ్బై అయిదు దాకా ఉన్నవాళ్ళ కొలతలతోనే దీని లెక్కలు కట్టారండీ. ఆపైన ఎవరెలా ఉంటారో దీనికి తెలీదు."

"తెలీకపోతే ఊరుకోవాలి గానీ నన్ను గెంటడమేంటి?"

"రూల్ రూలే అత్తా," అన్నాడు మేనల్లుడు అందరి ముందూ. "వయసైంది కదా, హాయిగా గేటు దగ్గర కూర్చో. అంకె వచ్చినవాళ్ళనే లోపలికి పంపు." ఈత నేర్పేటప్పుడు ఊదే ఈలని ఆవిడ మెళ్ళోంచి తీసి తన మెళ్ళో వేసుకున్నాడు.

ఏరు దాటి తెప్ప తగలేశాడు వెధవ. చేపమ్మ పళ్ళు నూరుతూ వెళ్ళి గేటు దగ్గర కుర్చీలో కూర్చుంది. పిల్లలకి పరీక్షల రోజులవి, కొలనుకి పెద్దవాళ్ళే వస్తున్నారు. సెలవులు రానీ నీ పని చెప్తా, అనుకుంది.

సెలవులు రానే వచ్చాయి. పొద్దున్నే భుజాన తువ్వాళ్ళతో పిల్లలు దిగారు, వెనకాలే తల్లులు. చేపమ్మ గేటుకి కాలు అడ్డం పెట్టింది.

"ఒక్కొక్కరే యంత్రం ఎక్కండమ్మా."

ఎనిమిదేళ్ళ పిల్ల ఎక్కింది. పరిధిలో లేదు. పదేళ్ళవాడు ఎక్కాడు. వాడూ లేడు. "అంకె రాలేదు, ఇంటికి పొండి," అంది చేపమ్మ. ఆవిడ కడుపు చల్లబడింది, దాచడమెందుకు. ఒక పిల్ల ఏడ్చినా జాలి పడలేదు.

తల్లులు గొడవకి దిగారు. మేనల్లుడు పరుగెత్తుకొచ్చాడు. "పిల్లలకి యంత్రమెందుకత్తా? అది మరీ..." అని నీళ్ళు నమిలాడు.

"ఊ, అది?"

"ముసలివాళ్ళ కోసం."

"బోర్డు మీద అలా లేదే. 'మా అత్తని గెంటడానికి మాత్రమే' అని రాయి, వీళ్ళని పంపిస్తా."

తల్లుల్లో చాలామంది చేపమ్మ దగ్గర ఈత నేర్చినవాళ్ళే. అందరూ వాడినే చూశారు. వాడు తల దించుకుని, ఆవిడ కుర్చీయే ఎక్కి, బోర్డు ఊడదీశాడు.

"ఇక దిగు అత్తా," అన్నాడు, మెళ్ళోంచి ఈల తీసి అందిస్తూ.

ఆవిడ చెయ్యి చాపలేదు. "తీసిన చేత్తోనే వెయ్యి."

వేశాడు. ఆవిడ కుర్చీ చూపించింది. వాడు కూర్చున్నాడు.

సాయంత్రం ఆవిడ జుట్టు పిండుకుంటూ బయటికొచ్చేసరికి వాడింకా అక్కడే ఉన్నాడు.

"కోపం పోయిందా అత్తా?"

"లేదురా. రేపు కూడా ఇక్కడే కూర్చో."