సైకిల్ అమ్మించిన అత్త

మా మేనత్త పోయిందని బాపు రాయించిన కార్డు మొన్న వచ్చింది. ఆమె పోయిన సంగతి అందులో ఒక్క వాక్యం. పాడె ఎంత ఘనంగా కట్టించాడో, తన వెంట ఎంతమంది పెద్దమనుషులు నడిచారో మిగతా కార్డంతా. కన్నతండ్రే అయినా, చదువుతుంటే రోత పుట్టింది.

అత్త ఆయనకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే షోలాపూర్ వచ్చి, జోడ్‌భావి పేటలోని మా ఒంటిగదిలో మగ్గం పక్కన రాట్నం ముందు కూర్చుంది. కండెలకు నూలు చుడుతూనే ముసలిదైంది. ఎవరినీ మెచ్చుకోవడం ఆమెకు చేతకాదు. నచ్చని మాట వింటే మొహం తిప్పుకుని "హుఁ" అనేది. ఆ "హుఁ"లో ఎక్కువ వాటా తమ్ముడిదే.

కండెలు చుట్టడం నాకు నేర్పింది ఆమే. బడి నుంచి రాగానే పక్కింటి మగ్గాలకు చుట్టేదాన్ని. ఆ కూలి పగారు బాపు చేతికే వెళ్లేది. "నీ పేరు మీద పోస్టుల ఏస్తున్న బిడ్డా, సదువుకు పనికొస్తయి" అనేవాడు. పాసుపుస్తకం మాత్రం తన పెట్టెలో ఉండేది.

పదహారో ఏట నాకు టీచరు ట్రైనింగులో సీటు వచ్చింది. డబ్బు అడిగితే, "తొందరేంది? పైసలు యాడికి పోతయి?" అన్నాడు. అంతకు వారం ముందే మా గుమ్మంలో కొత్త సైకిల్ వెలిసింది. తన కష్టార్జితమని వాడకట్టంతా చెప్పుకున్నాడు. తొక్కడం రాదు. సాయంత్రాలు గంట కొట్టుకుంటూ చాయ్ హోటల్ దాకా నడిపించుకు వెళ్లి, మళ్లీ నడిపించుకు వచ్చేవాడు.

అనుమానమొచ్చి అత్తతో పోస్టాఫీసుకు వెళ్లాను. గుమస్తా లెడ్జరు తిప్పి, "మైనరువి కదమ్మా, మీ నాయిన సంతకం చాలు. మొత్తం తీసుకపోయిండు" అన్నాడు. అత్త నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

ఇంటికొచ్చి రాట్నం గోడకు ఆనించింది.

"కండెలేవి?" అన్నాడు బాపు మగ్గంలోంచి.

"మంచం కాడికెల్లి మగ్గానికి నాలుగడుగులు. దానికి నీకు సైకిల్ కావాల్నా? పిల్ల రెక్కల కష్టంతోని గంట కొట్టుకుంట తిరగనీకి సిగ్గూ లాజ్ లేదారా? దాని పైసలు దాని చేతుల పెట్టేదాంక కండె రాదు."

"నేను దాని తండ్రిని! నాకు హక్కు లేదా?"

"ఉంది. నువ్వే చుట్టుకో."

నాలుగు రోజులు మగ్గం ఆగింది. ఇరుగుపొరుగు ఆడవాళ్లను బతిమాలాడు. అత్తకు భయపడో, ఆయన్ను చూసి నవ్వొచ్చో, ఎవరూ చుట్టలేదు. చివరికి తానే రాట్నం ముందు కూర్చున్నాడు. నూలంతా చిక్కుపడి మోకాళ్లకు చుట్టుకుంది. మేమిద్దరం పల్లీలు ఒలుచుకుంటూ ఆ పెద్దమనిషిని చూశాం. ఐదో రోజు సైకిల్ అమ్మేశాడు.

కొన్న ధర రాలేదు. తగ్గినదానికి అత్త దాచుకున్న వెండి కడియాలు అమ్మింది. బయలుదేరేదాకా డబ్బు దాచమని ఆమె చేతిలో పెట్టబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నీ కాడనే ఉంచుకో. ఎవలకియ్యకు, నాకు సుత."

నేనివాళ బడిలో పాఠం చెబుతున్నానంటే ఆ మాట వల్లే. ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. చెబితే మొహం తిప్పుకునేది.

స్టేషనుకు బాపు కూడా వచ్చాడు. "బిడ్డను సదివిస్తున్న" అంటూ తెలియని ప్రయాణికులకు సైతం చెప్పాడు. రైలు కదిలింది. ఆయన అందరికీ చెయ్యి ఊపుతున్నాడు. అత్త ఆయనకు వీపు పెట్టి, ఎండకు కళ్లు చిట్లించుకుని, నా కిటికీనే చూస్తూ నిలబడింది.