‘జర అన్నా’ అనే రూలు

ఇది మహాసంగ్రామ గాథ. ఇందులో ఒక కోట ఉంది. ఆ కోటలో తన చోటు నిలబెట్టుకోవడానికి ఒంటరిగా పోరాడిన వీరనారి ఉంది. ఒక్క మాట దగ్గర రెండుగా చీలిపోయిన సైన్యం ఉంది. ఇది చదివాక మీకు నిద్ర పట్టదు.

పడుతుంది లెండి. కోట అంటే పంజాగుట్టలో ఒక కాంప్లెక్సు పై అంతస్తులో ఉన్న స్క్వాష్ కోర్టు. వీరనారి అమీర్‌పేటలో లేడీస్ హాస్టల్ నడుపుతుంది. సైన్యం మేమే, వాన పడితే అందులో సగం రాదు. ఒక్క మాట దగ్గర చీలిపోవడం మాత్రం నిజం. ఆ మాట రాసింది నేను.

అమీర్‌పేట, పంజాగుట్ట, శ్రీనగర్ కాలనీ, బేగంపేట వాళ్లం కలిసి పెట్టుకున్నాం కాబట్టి దాన్ని ప్రాంతీయ లీగ్ అనుకున్నాం. ఆ ప్రాంతం ఈ చివర నుంచి ఆ చివరకు ఆటోలో పావుగంట, ట్రాఫిక్‌లో ఒక జన్మ. నన్ను కార్యదర్శిని చేయడానికి నా ఆట కారణం కాదు. నేను రెండో డివిజన్‌లో కూడా కింది వైపే ఉండేవాణ్ని. నా ఫోన్‌లో తెలుగు కీబోర్డు ఉంది, అంతే. రూల్స్ తెలుగులో ఉంటేనే అందరూ చదువుతారని మీటింగులో తీర్మానించారు. రాశాక ఎవరూ చదవలేదు.

చదవకపోయినా రాయడం నాకు బాగా నచ్చింది. ఆఫీసులో నా పని ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం. మొదటిసారి తప్పులు చేసే అవకాశం నాకు దొరికింది. పది నిమిషాలు ఆలస్యమైతే మ్యాచ్ పోయినట్టే అని రాశాను. పంజాగుట్టలో ఇరుక్కున్నాను అనేది కారణం కాదు, చిరునామా అని కింద చేర్చాను. తమ మ్యాచ్ అయిపోయినవాళ్లు ఉండి తర్వాతి మ్యాచ్‌కి స్కోరు చెప్పాలని రాశాను. కోర్టు లోపల గొడవ పడకూడదని కూడా రాశాను, ఎందుకంటే నాలుగు గోడల మధ్య ప్రతి తిట్టూ రెండుసార్లు వినపడుతుంది.

ఇక ఆ రూలు. స్క్వాష్‌లో ఇద్దరూ ఒకే గదిలో, ఒకే గోడకేసి కొడతారు. కాబట్టి ఒకళ్లకొకళ్లు అడ్డం వస్తూనే ఉంటారు. బంతి కొట్టబోయే చోట ఎదుటి మనిషి నిలబడి ఉంటే, కొట్టకుండా ఆగి ‘లెట్ ప్లీజ్’ అనాలి. ఆ పాయింట్ మళ్లీ ఆడతారు. అదే లెట్. ప్రపంచమంతా అలాగే అంటుంది. మా వాళ్ల నోట ‘ప్లీజ్’ రాలేదు. రోజూ చాయ్ దగ్గర భుజం మీద చెయ్యేసే మనిషిని ప్లీజ్ అని బతిమాలడం వాళ్లకు నామోషీ. బస్సులో జరగమన్నట్టు, ‘జర’ అనడం మొదలుపెట్టారు. ‘జర అన్నా’, ‘జర భాయ్’, ఊపిరి అందకపోతే ఉత్త ‘జర’. అది అందరికీ అర్థమయ్యేది. అర్థమవుతున్న విషయాన్ని రాతలో పెట్టడమే కార్యదర్శుల పని కాబట్టి నేను ఇలా రాశాను:

ఎదుటివారు అడ్డం వచ్చినప్పుడు ఆటగాడు జర అన్నా లెట్ అయినట్టే.

రాసి, ఒకసారి చదువుకుని, తృప్తిగా ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

హాస్టల్ మేడమ్ గారిది తెనాలి వైపు. ఆవిణ్ణి డాక్టరు నడవమన్నాడట. అమీర్‌పేటలో నడవడమంటే కోచింగ్ సెంటర్ల పాంప్లెట్లు పుచ్చుకోవడమే. వారం రోజులు నడిచేసరికి ఆవిడకు నాలుగు కంప్యూటర్ కోర్సుల్లో డెమో క్లాసులకు సీటు దొరికింది గానీ బరువు తగ్గలేదు. పాంప్లెట్లు ఇచ్చేవాళ్లు రాలేని చోటు ఈ చుట్టుపక్కల స్క్వాష్ కోర్టు ఒక్కటేనని కనిపెట్టి చేరింది. చేరిన రెండేళ్లకు మొదటి డివిజన్‌లో ఉంది. నాకు బంతిని మెల్లగా గోడ వారగా పడేయడం నేర్పింది ఆవిడే. నాకు రాలేదు, అది వేరే సంగతి.

మొదటి డివిజన్ మంగళవారం సాయంత్రం ఆరింటికి ఆడుతుంది, రెండోది ఎనిమిదిన్నరకు. మధ్యలో అదే కోర్టులో జుంబా క్లాసు. మేడమ్ గారికి ఆరు తప్ప కుదరదు. ఏడున్నరకు హాస్టల్లో వంట వడ్డించాలి, తొమ్మిదికి గేటు వేయాలి. తాళం ఆవిడ చేతిలోనే ఉంటుంది. ‘మీరు స్వయంగా వేస్తారనే మా పిల్లని చేర్చాం’ అని గుంటూరు నుంచీ వరంగల్ నుంచీ తల్లులు ఫోన్ చేసి చెబుతుంటారట. హాస్టల్ అమ్మాయిలు పది నిమిషాలు అడిగినా ఇచ్చేది కాదు. అంటే ఆవిడ రెండో డివిజన్‌కి పడితే ఆట మానేయడమే. ఇది మా అందరికీ తెలుసు.

ఆ సీజన్ ఆవిడ మోకాలు సరిగ్గా లేదు. మొదటి డివిజన్‌లో కింద మిగిలిన ఇద్దరిలో ఒకరైంది. రెండోవాడు పంజాగుట్టలో కర్టెన్ల షాపు ఉన్న అన్న. వాళ్ల నాన్న సిద్దిపేట దగ్గర వ్యవసాయం మానేసి వచ్చి పెట్టిన షాపు అది. రూల్ ప్రకారం చివరి ఇద్దరూ తలపడాలి, ఓడినవాళ్లు కిందికి. అదీ నేను రాసిందే.

ఆ వారమంతా నాకు కుదురు లేదు. నాకేం ఫికర్ లేదని అడగని వాళ్లకు కూడా చెప్పాను. మెట్రోలో సీటు దొరికినా నిలబడ్డాను. మధ్యాహ్నం అన్నం తింటూ రెండు డివిజన్ల టైములు తారుమారు చేస్తే ఎలా ఉంటుందని మొదటి డివిజన్ వాళ్లను ఒక్కొక్కరినీ ఫోన్‌లో అడిగాను. ఒకాయనకు పిల్లల ట్యూషన్, ఒకాయనకు షుగరు, ఒకాయనకు సిద్ధాంతం. కర్టెన్ల అన్ననే సూటిగా అడిగాను. షాపు వదిలి ఆరింటికి రావడం కష్టం కదా, ఎనిమిదిన్నరే నీకు మేలు కదా అని. మేలే అన్నాడు. ఆరింటికి షాపు బామ్మర్దికి అప్పజెప్పి వస్తే ఒక్క కర్టెన్ అమ్ముడుపోదని కూడా అన్నాడు.

“గని ఓడిపోయి కిందికి పోవుడు వేరే ఉంటది తమ్మీ. ఇజ్జత్ సవాల్.”

మంగళవారం వచ్చింది. స్కోరు చెప్పడానికి మాసబ్ ట్యాంక్‌లో ప్రభుత్వ ఆఫీసులో పనిచేసే సారు కూర్చున్నాడు. ఆయన పని ఉత్తర్వులు చదివి, అందులో లేనిది లేదని చెప్పడం. మేం అద్దం గోడ వెనక నిలబడ్డాం. నేను నిలబడలేదు, ఆ వారకూ ఈ వారకూ తిరుగుతున్నాను. అడ్డం రాకు అని వెనక నుంచి రెండుసార్లు అన్నారు.

నాలుగు గేమ్‌లు చెరి రెండు. అయిదో గేమ్‌లో అన్నకు పది, మేడమ్ గారికి తొమ్మిది. ఇంకొక్క పాయింట్ అన్నకు వస్తే అయిపోతుంది. బంతి వెనక మూలకు పోయింది. ఆవిడ కుంటుతూనే పరుగెత్తింది. అన్న సరిగ్గా దారిలో ఉన్నాడు. ఆవిడ రాకెట్ ఎత్తి, ఆగింది. మామూలుగా ఆవిడ ‘లెట్ అండీ’ అనేది. ఆ ఆయాసంలో అంత పెద్ద మాటకు ఊపిరి లేదు. మా మధ్య రెండేళ్లుగా విని విని పట్టుబడిన మాట ఒకటి బయటికొచ్చింది.

‘జర’ అంది.

లెట్ అని నేను అనుకున్నాను. అందరూ అనుకున్నారు. సారు మాత్రం కోర్టులోకి వచ్చి, ఫోన్ తీసి రూల్స్ చదవడం మొదలుపెట్టాడు. నా రూల్స్ చదివిన మొట్టమొదటి మనిషి ఆయనే. సంతోషించడానికి టైము దొరకలేదు.

“ఇండ్ల ‘జర అన్నా’ అని ఉన్నది. మేడమ్ ఉత్త జర అన్నరు. అన్నా అనలే. లెట్ కాదు.”

లెట్ కాకపోతే పాయింట్ కర్టెన్ల అన్నది. మ్యాచ్ అన్నది. మేడమ్ గారి ఆట అక్కడితో సరి.

నేను తలుపు తీసుకుని కోర్టులోకి వెళ్లాను. “సార్, అది ఆ అన్నా కాదు. అన్నా.”

“గదే గదా నేను చెప్పేది. అన్నా.”

“అన్నయ్య అన్నా కాదు సార్. అన్నా. అంటే, అన్నా కూడా అని.”

నాలుగు గోడలూ నా మాటను రెండేసిసార్లు తిప్పి చెప్పాయి. అన్నా, అన్నా. నాకే తేడా తెలియడం మానేసింది.

మేడమ్ గారు మోకాలు పట్టుకుని వంగి ఉంది. తల ఎత్తి నా వైపు చూసింది. “ఏంటి బాబూ, నీ రూలు ఇలా ఏడ్చింది? ఇప్పుడు ఈయన్ని నేను అన్నా అని పిలవాలా? మా ఆఖరి తమ్ముడికంటే చిన్నోడు.”

ఇక్కడ చెప్పాల్సింది ఒకటుంది. మాకు ‘అన్నా’ అనేది వరస కాదు, విరామచిహ్నం. ఆటో ఆపడానికి అన్నా, చిల్లర అడగడానికి అన్నా, మనకంటే పదేళ్లు చిన్నవాడితో గొడవకు దిగడానికి కూడా అన్నా. ఆవిడకు అలా రాదు. తెనాలిలో అన్న అంటే ముందు పుట్టి ఉండాలి.

నేను రాసినప్పుడు ఏమనుకున్నానో సారుకు మళ్లీ చెప్పబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“తమ్మీ, నువ్వేం అనుకొని రాసినవో గా రూల్‌కు తెల్వదు.”

అందరూ లోపలికి వచ్చేశారు. అడ్డం వచ్చినట్టు కళ్లకు కనబడింది కదా, మాటతో పనేమిటని కొందరు. రూల్ రూలేనని కొందరు. బేగంపేట బ్యాచ్‌లో ఒకతను, అసలు ఆడవాళ్లతో ఆడేటప్పుడు ‘జర అక్కా’ అంటాం, అదీ లెట్ కాదా అని అడిగాడు. అప్పుడు నాకు వెలిగింది. మూడో గేమ్‌లో కర్టెన్ల అన్న ‘జర మేడమ్’ అన్నాడు, సారు లెట్ ఇచ్చాడు. ఈ లెక్కన అది కూడా చెల్లదు, ఆ పాయింట్ మేడమ్ గారిదే అన్నాను. సారు ముఖం మారింది. తను సంతకం పెట్టిన ఫైలే తిరిగి వచ్చినట్టు చూశాడు. మూడో గేమ్ నుంచి అన్నీ తిరిగి చూడాలె అని కుర్చీ దగ్గరికి నడిచాడు.

ఏడైంది. జుంబా వాళ్లు స్పీకరుతో సహా వచ్చి అద్దం మీద కొడుతున్నారు. అప్పటిదాకా గోడకు ఆనుకుని బంతిని అరచేతిలో దొర్లిస్తున్న కర్టెన్ల అన్న మాట్లాడాడు.

“ఛోడో సార్. మళ్ల ఆడుదాం. గ్రామర్ తోటి గెలిసిన అని ఇంట్ల చెప్పలేను.”

మేడమ్ గారు రాకెట్ పట్టు సరిచేసుకుని తన చోటుకు పోయి నిలబడింది. మేం బయటికొచ్చాం. జుంబా వాళ్లు కూడా కొట్టడం ఆపారు. వాళ్ల ఇన్‌స్ట్రక్టర్ ఏం జరుగుతోందని నన్ను అడిగింది. ఒకావిడ ఈ ఊళ్లో ఆడుకోగలదా లేదా తేలబోతోందని చెప్పాను. ఎంతసేపు పడుతుందంది.

ఎంతోసేపు పట్టలేదు. అన్న సర్వీస్ చేశాడు. ఆవిడ లోతుగా తిప్పి కొట్టింది. అన్న గోడ వెంబడి కొట్టాడు. ఆవిడ నాకు నేర్పిన ఆ మెత్తటి దెబ్బ వేసింది. ముందు గోడ కింద రేకు ఉంటుంది. బంతి దానికి తగిలితే పాయింట్ పోయినట్టు. రేకు మోగింది.

ఇద్దరూ చేతులు కలిపారు. అన్న ఏదో అనబోయి, ఏమనాలో తెలియక ‘సారీ అక్కా’ అన్నాడు. ఆవిడ తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ గోడ గడియారం చూసి, అయ్యో చపాతీ పిండి అని లిఫ్టు దగ్గరికి పోయింది. మా వెనక జుంబా పాట మొదలైంది.

నేను మెట్రో ఎక్కలేదు. అమీర్‌పేట దాకా మెట్రో కిందే నడిచాను. దారిలో రూల్స్‌కి సవరణలు రాశాను, చెరిపాను. మోకాలి నొప్పికి మినహాయింపు రాశాను, ఆ లెక్కన అందరికీ మోకాలి నొప్పి వస్తుందని చెరిపాను. హాస్టళ్లు నడిపేవారికి మినహాయింపు అని రాశాను. అమీర్‌పేటలో హాస్టల్ నడపనివాళ్లకే మినహాయింపు ఇవ్వడం తేలిక అనిపించి చెరిపాను. చివరికి రూల్‌లో ‘జర’ చుట్టూ ఉల్లేఖన గుర్తులు మాత్రం పెట్టి గ్రూపులో వేశాను. గా చుక్కలేంది అని ఒకరు అడిగారు. మేడమ్ గారి నుంచి వారమంతా ఒక్క ముక్క లేదు.

తర్వాతి మంగళవారం కొత్త సీజన్. రెండో డివిజన్ మొదటి మ్యాచ్ ఆవిడకూ నాకూ పడింది. రాదని తెలిసినా ముందే పోయాను. కార్యదర్శిని కదా, పది నిమిషాల రూల్ నేనే అమలు చేయాలి. రబ్బరు బంతి వేడెక్కితేనే ఎగురుతుంది కాబట్టి ఒక్కణ్నే గోడకేసి కొడుతూ ఉన్నాను. కొట్టినప్పుడల్లా అద్దం వైపు చూశాను. బంతి వేడెక్కింది, నేనే చల్లబడుతున్నాను. ఎనిమిదిన్నర దాటింది. ఆవిడ పేరు పక్కన ‘రాలేదు’ అని టైపు చేయడానికి ఫోన్ తీశాను. అప్పుడు తలుపు తెరుచుకుంది.

మోకాలికి పట్టీ వేసుకుని వచ్చింది. పంజాగుట్టలో ఇరుక్కున్నానంది.

“మరి గేటు?” అని అడిగాను.

“గేటు నాదే కదా బాబూ. రూలూ నేను పెట్టిందే.”

బంతి ఇటివ్వమంది. మూడు గేమ్‌లు వరసగా గెలిచింది. నేను చాలాసార్లు జర అన్నాను, ఒక్కసారి కూడా ఆవిడ నాకు అడ్డం రాలేదట.

మంగళవారాలు ఇప్పుడు ఆ హాస్టల్ గేటు రాత్రి పదింటికి వేస్తారు. మిగతా రోజులు తొమ్మిదికే.