పక్క గదిలో వినపడిన ప్రశ్నలు

కర్నూలులో మేముండే మేడమీది ఇంట్లో రెండే గదులు. ఒకదాంట్లో నా కంప్యూటరు, రెండోదాంట్లో నా భార్య కుట్టుమిషను. ఇంటి నుంచి చేస్తున్న నా ఉద్యోగం పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు, దాచుకున్న డబ్బులోంచే ఇంటిఖర్చుకు ఇస్తూ వచ్చాను. రోజూ తొమ్మిదింటికల్లా చొక్కా మార్చుకుని కంప్యూటరు ముందు కూర్చునేవాణ్ణి. పది నిమిషాలకే లేచి నీళ్లు తాగడం, వరండాలోకి వెళ్లడం, మళ్లీ వచ్చి అవే ఉద్యోగ ప్రకటనలు చూడడం.

చేతిలో ఏదో ఒక పని లేకపోతే పిచ్చెక్కేలా ఉండి, అగ్గిపెట్టెంత ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ తెప్పించాను. కంప్యూటర్లో పాట పెడితే ఆమె రేడియోలో వస్తుంది. మిషను చప్పుడులో ఫోను పాట వినపడదని ఆమె అంటుండేది. రేడియోలో ఏ స్టేషనూ రాని చోటు వెతకడానికే రెండు రోజులు పట్టింది. దాని తీగను కిటికీ కడ్డీకోసారి, బీరువా తలుపుకోసారి కట్టి, గరగర తగ్గిందా అని మాటిమాటికీ ఆ గదిలోకి పరిగెత్తేవాణ్ణి.

"ఏమప్పా, పాట ఇననిస్తావా, ఇట్ల తిరుగుతానే ఉంటావా?" అనేది.

ఒక మధ్యాహ్నం హైదరాబాదు కంపెనీ ఒకటి కంప్యూటర్లోనే ఇంటర్వ్యూ పెట్టింది. తలుపు వేసి, ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. పాట నాకూ వినపడాలని నేనే పెట్టిన జాయింటులో శబ్దం రెండుగా చీలి ఒక పాయ నా చెవులకు, ఇంకోటి ట్రాన్స్‌మిటర్‌కు వెళ్తోందని ఆ కంగారులో గుర్తురాలేదు.

అయ్యాక బయటికొస్తే మిషను ఆగి ఉంది. రేడియో కట్టేసి ఉంది. సగం కుట్టిన జాకెట్టు ఒళ్లో పెట్టుకుని ఆమె నా వైపే చూస్తోంది.

"నాలుగు నెల్ల నుంచి పని లేకుండా ఎందుకుండారని ఆయప్ప అడిగినాడు. నువ్వేం చెప్పినావో రేడియోలో రాల్యా. ఇప్పుడు నాకు చెప్పు."

అవును, నా గొంతు అందులోకి పోదు. అవతలివాడి ప్రశ్నలే పోయాయి. నిలబడే మొదలుపెట్టి, గదిలో అటూ ఇటూ తిరుగుతూ చెప్పబోయాను. "కూచోని చెప్పు" అంది. కూర్చున్నాను.

అంతా విని, "నువ్వట్ల తిరుగుతాంటే, నాతో ఉండబుద్ది కావడం ల్యాదేమో అనుకుంటి. శానా దినాల నుంచి అదే మనసులో ఉండాది" అని కళ్లు తుడుచుకుంది. కోప్పడుతుందని భయపడ్డాను, పుట్టింట్లో చెబుతుందని భయపడ్డాను. ఆమె ఇలా అనుకుంటోందని ఒక్కసారీ తట్టలేదు.

ఆ కంపెనీ నుంచి కబురు రాలేదు. ఆమె మాత్రం ఆ సాయంత్రమే వాళ్లక్కకు ఫోను చేసి, నా ఎదుటే ఉన్నదున్నట్టు చెప్పింది. కొన్నాళ్లకు ఆ అక్క భర్త మాటసాయంతో డోన్‌లో లారీల ఆఫీసులో పని దొరికింది. రైల్లో వెళ్లొస్తున్నాను.

మొదటి వారమే నాకా పని నచ్చలేదు. ఇంటికి రాగానే ఆమెకు చెప్పేశాను.

"నాకూ ఈ జాకెట్లు కుట్టేది నచ్చదప్పా" అంది.