ఎక్కడా ఉమ్మరాదు

కేజీఎఫ్‌లో గనులు మూతపడి అప్పటికి కొన్నేళ్లయింది. నేను మునిసిపాలిటీలో గుమాస్తాను. వీధుల్లో ఉమ్మడం, గోడల పక్కన మూత్రం పొయ్యడం, బస్టాండులో పేకాట ఇవన్నీ నిషేధమని కౌన్సిలు తీర్మానం చేసింది. తెలుగు బోర్డులు రాయించే పని నా నెత్తిన పడింది. "బహిరంగ స్థలాల్లో ఉమ్మరాదు" అన్నది ఆ చిన్న రేకు మీద పట్టలేదు. "ఎక్కడా ఉమ్మరాదు" అని కుదించాను. మహా తెలివైన పని చేశాననుకున్నాను.

వాటిలో ఒకటి మా వీధి మలుపులో, మురుగు పారే మోరీ పక్కనే పాతారు.

మా నాయన ఉద్యోగమంతా భూమి కింద డ్రిల్లు పట్టాడు. షిఫ్టు దిగినవాళ్లకు ఒక పద్ధతి ఉండేది. గని దుమ్ము గడప దాటకూడదని, మలుపులోనే దగ్గి ఉమ్మేసి ఇంటికి వచ్చేవాళ్లు. గని పోయినా ఆయన ఊపిరితిత్తుల్లో దుమ్ము పోలేదు, అలవాటూ పోలేదు. రోజూ సాయంత్రం మలుపు దాకా నడిచి, ఉమ్మి వచ్చేవాడు.

బోర్డు పడిన రోజు కర్చీఫు నోటికి అడ్డం పెట్టుకుని వచ్చాడు.

"నువ్వు రాయించిందేనంట గదప్పా. ఇంగ నేనే ఉమ్మితే ఆఫీసులో నీకు మర్యాద ఏముంటాది?" అన్నాడు.

అది నీ కోసం కాదులే నాయనా అనాల్సింది. నాకేమీ అనిపించలేదు. కాఫీ తాగి పేపరు చదువుకున్నాను.

ఆ తర్వాత దగ్గు వచ్చినప్పుడల్లా మింగేవాడు. అమ్మ డబ్బాలో బూడిద పోసి మంచం పక్కన పెట్టినా ముట్టలేదు. "ఎక్కడా అని రాసుండాది" అనేవాడు. ఆయనది ఉడుంపట్టు.

జ్వరం ఎంతకీ తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాను. నర్సు మూత ఉన్న చిన్న డబ్బా చేతికిచ్చింది. "గట్టిగా దగ్గి ఇందులో ఉమ్ము తాతా. పరీక్ష చేస్తేనే మందు ఇచ్చేది" అంది. దగ్గు వచ్చింది. మింగేశాడు. మళ్లీ వచ్చింది, మళ్లీ మింగాడు. నర్సు విసుక్కుంది. నేను తీసిన గోతిలో మా నాయన పడ్డాడు, నేను గట్టు మీద నిలబడి చూస్తున్నాను.

"ఉమ్ము నాయనా" అన్నాను.

ఆయన డబ్బా పట్టుకుని లేచి నిలబడ్డాడు, ఆఫీసుకు అర్జీ తెచ్చినవాడిలాగా.

"ఈడ ఉమ్మొచ్చునా అప్పా?" అని నన్ను అడిగాడు.

ఉమ్మొచ్చు అన్నాను. సిగ్గేసింది. ఏడుపు మాత్రం రాలేదు.