కట్లు లేని కండలు

కృపమణి నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు. జమ్మలమడుగు దగ్గరి పల్లెలో పుట్టి, అదే పల్లెలో మేనబావ దావీదురాజుకు ఇల్లాలై, ఇరవై ఎనిమిదేండ్లుగా అతని నాపరాళ్ల దుమ్ము బట్టలు ఉతుకుతోంది. చర్చి గుడిలో ఆడవాళ్ల వైపు చివరి చాప ఆమెది. పాట కూడా పెదవులతోనే పాడేది. అట్లాంటి మనిషి ఒక ఆదివారం లేచి నిలబడి కన్నకొడుకు పెండ్లికే అడ్డం చెప్పింది. ఊరికి ఇప్పుడు ఆమె గురించి తెలిసింది అదొక్కటే.

అంతకుముందు ఆమెకు జీవిత అనే కూతురుండేది. ఎనిమిదేండ్ల దాకా చెంగుచెంగున తిరిగిన పిల్ల, ఆ తర్వాత బడి మెట్లు మోకాళ్ల మీద చేతులు ఆనించి ఎక్కడం మొదలుపెట్టింది. పన్నెండుకు నడక పోయింది. పద్దెనిమిదికి ఊపిరి పోయింది. నడుమ తైలాలు, నాటు మందులు, ఉపవాస ప్రార్థనలు. "పిల్లకు ఒళ్లొంగదు, గట్టిగా నడిపించు, కండ పడతాది" అని చుట్టాలంటే నమ్మి, ఏడుస్తున్న పిల్లను రెక్క పట్టి వాకిట్లో తిప్పింది కృపమణి. అది ఆమెను ఇంకా కొరుకుతూనే ఉంది.

జీవితకు పదమూడో ఏట కర్నూలులో ఒక డాక్టరమ్మ రక్తం తీయించింది. రిపోర్టు వచ్చాక కూర్చోబెట్టి చెప్పింది.

"ఒంటికి ఎముకలున్నట్టే కణం లోపల కూడా సన్నని పోగుల అస్థిపంజరం ఉంటుందమ్మా. ఆ పోగుల్ని కణం పైపొరకు పట్టి ఉంచే ప్రోటీన్లు కొన్ని ఉంటాయి. కండ లాగినప్పుడల్లా పొర చిరగకుండా కాచేవి అవే. పాపకు వాటిలో ఒకటి తయారు కావడం లేదు."

ఐదో తరగతితో చదువు ఆగిన కృపమణికి ఆ మాట అందింది.

"అంటే గొడ్లపాకకు వాసాలుండాయి, బోదగడ్డి కప్పు ఉండాది, రెంటినీ బిగించే కట్లే లేవు. గాలి కొట్టినప్పుడల్లా కప్పు లేచి చినుగుతాంది. అంతేనా మేడం?"

"అంతేనమ్మా."

"నేను నడిపిచ్చినప్పుడల్లా చినిగిందా?"

డాక్టరమ్మ రిపోర్టు వైపు చూసింది. ఆ కట్టు ఎట్లా అల్లాలో చెప్పే రాత ప్రతి ఒక్కరికీ రెండు ఉంటాయని, ఒకటి చెడినా రెండోది పని నడుపుతుందని చెప్పింది. మొగుడూ పెండ్లాలకు ఒకే తాత నుంచి ఒకే చెడ్డ రాత వచ్చింది. ఇద్దరి చెడ్డవీ పిల్లకు పడ్డాయి. "మీ ఇంట్లో మళ్లీ మేనరికం అనుకుంటే ముందు ఇద్దరి రక్తమూ చూపించండి. ఒక్కరిది బాగున్నా భయం లేదు."

జీవిత పోయిన రెండేండ్లకు, ఆమె అన్న వసంతకుమార్‌కు కృపమణి తమ్ముడు యేసుప్రసాద్ కూతురు ఆరాధనను ఖాయం చేశారు. కృపమణి రిపోర్టు తెచ్చి మొగుని ముందు పెట్టింది.

"పోయిన బిడ్డ కాగితం పెండ్లింట్లో ఎందుకుమే? ఆ జబ్బు దాంతోనే మట్టిలో కల్సిపాయ."

"కలవలేదు. నీలో ఉండాది, నాలో ఉండాది. ఒక్కసారి పిల్లోళ్ల రక్తం…"

"మూసి లోపల పెట్టు."

పెండ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదువుతారు. అభ్యంతరముంటే చెప్పమంటారు. ఎవరూ చెప్పరు. పాస్టరు ప్రకాశం అయ్యగారు ఆ మాట అంటూనే పుస్తకం మూసేస్తారు. మొదటి ఆదివారం కృపమణి చాప మీంచి లేచేలోపే పుస్తకం మూతపడింది. రెండో ఆదివారం సగం లేచింది, అప్పటికే పాట ఎత్తుకున్నారు.

మూడో ఆదివారం, "నాకు ఉండాది అయ్యగారూ, అభ్యంతరం" అంది.

అయ్యగారు మళ్లీ పుస్తకం తెరిచారు. "ఏం తల్లీ, మీవోడికి యాడన్నా పెండ్లయిందా?"

మగవాళ్ల వైపు నవ్వులు.

"లేదయ్యా. ఇద్దరికీ రక్తం పరీక్ష చేయించి, ఆమీట పెండ్లి చేయండి. అంతే నేనడిగేది."

"జబ్బులు అభ్యంతరం కిందికి రావమ్మా. ప్రార్థన చేద్దాం, కూర్చో."

"జీవితకు పదేండ్లు చేస్తిమి గదా అయ్యా."

యేసుప్రసాద్ లేచాడు.

"నా బిడ్డ రక్తం చెడిందని గుడిలో నిలబడి చెప్తాండావా అక్కా? అదేమన్నా సంతలో ఎద్దా, పండ్లు చూసి కొనేకి?"

"చెడింది నాదిరా అబ్బీ. తోడబుట్టినోళ్లం గదా, నీలోనూ ఉంటాదేమోనని…"

"మా, కూర్చో" అన్నాడు వసంతకుమార్, తల ఎత్తకుండా.

పెండ్లి ఆగింది. రక్తం కోసం కాదు, పరువు కోసం. నెల తిరక్కుండా యేసుప్రసాద్ కూతుర్ని ప్రొద్దుటూరులో ఉన్న పెద్దక్క కొడుక్కిచ్చాడు. పెద్దక్క అంటే కృపమణికీ తోడబుట్టిందే. అదే తాత, అదే రక్తం. కృపమణి రిపోర్టు జిరాక్సు తీయించుకుని బస్సెక్కి పోయింది. పెద్దక్క గడప దాటనియ్యలేదు.

"కొడుకుది చెడగొడితివి. ఇప్పుడు నా కొడుకుది కూడా చెడగొట్టేకి వచ్చినావా?"

లోపల ఆరాధన కనబడింది. కృపమణి కాగితం చూపేలోపే ఆ పిల్లే తలుపు వేసుకుంది.

మొన్న వసంతకుమార్ అన్నం ముందు కూర్చుని చెప్పాడు. "ఆరాధనకు ఐదో నెలంట. ఇప్పుడు సంతోషమేనా నీకు?"

"వాళ్లు రక్తం చూపించినారేమో కనుక్కోరా" అంది కృపమణి.

అతను సంగటి సగంలోనే వదిలి చెయ్యి కడుక్కున్నాడు.