సురయ్యా కింద మడత నిచ్చెన

నేను చెబుతున్నాను, మా అమ్మాయి రాస్తోంది. నాకు సంతకం పెట్టడం, బస్సు బోర్డు చదవడం వరకే వచ్చు. మధ్యలో నవ్వితే ఊరుకోనని దానికి ముందే చెప్పాను, ఎందుకంటే ఇది ఎత్తంటే నాకున్న భయం గురించి. పక్కవాళ్ళ భయం వింటే నవ్వే వస్తుంది. అది మన అరికాళ్ళలోకి దిగినప్పుడు తెలుస్తుంది.

ఇంకో మాట. ఇది మొదలుపెట్టగానే అందరూ అడుగుతారు, మీ ఆయన కూడా ఎక్కడినుంచైనా పడ్డాడా అని. పడలేదు. కామెర్లొచ్చి మంచం మీదే పోయాడు. ఆ తర్వాతే నేను సౌదీ వచ్చాను. నా భయానికి వెనక కథేమీ లేదు. ఎత్తు మీదనుంచి పడితే ఎముకలు విరుగుతాయి, అందుకని భయం.

ఖతీఫ్‌లో ఒక పెళ్ళి హాల్లో నా పని. ఇక్కడ పెళ్ళికి ఆడవాళ్ళ హాలు వేరు, మగవాళ్ళ హాలు వేరు. నాది ఆడవాళ్ళ వైపు. నేలలు తుడవడం, బాత్‌రూములు కడగడం, కుర్చీలకు సాటిన్ గుడ్డలు తొడగడం. నాతోపాటు రాయచోటి మనిషి ఒకామె ఉంది. నాకంటే చిన్నది, నన్ను అక్కా అంటుంది. ఒళ్ళు భారీ, మోకాళ్ళు నొప్పి. నేనేమో భీమవరం పక్కనుంచి వచ్చినదాన్ని, చెరువుల దగ్గర రొయ్యలు ఒలిచి ఒలిచి ఎండిపోయిన ఒళ్ళు. ఎక్కే పని ఎవరి మీద పడిందో ఇక చెప్పక్కర్లేదు.

ఎక్కేది ఎక్కడికంటే, హాలు మధ్యలో వేలాడే గాజు దీపాల గుత్తికి. సురయ్యా అంటారు దాన్ని. చేతులు చేతులుగా చీలి, ప్రతి చేతికీ దీపాలు, దీపాల కింద గాజు చుక్కలు. వెలిగిస్తే పెళ్ళికూతురి మొహం కూడా దాని ముందు వెలవెలబోతుంది. కానీ పెళ్ళిళ్ళలో బుఖూర్ పొగ వేస్తారు కదా, సుగంధం చెక్కలు కాల్చి. ఆ పొగకి జిడ్డు ఉంటుంది. పైకిపోయి గాజుకి పడుతుంది. ఆ జిడ్డుకి ఎడారి దుమ్ము పడుతుంది. నెలలు తిరిగేసరికి గాజు కాస్తా బెల్లపు రంగులోకి వస్తుంది. కర్రకి గుడ్డ కట్టి కిందనుంచి విదిలిస్తే పోయేది కాదది. ఒక్కో చుక్కనీ వేళ్ళతో పట్టుకుని, వెనిగర్ నీళ్ళలో ముంచిన గుడ్డతో తుడవాలి.

దానికి మాకు ఇచ్చింది అల్యూమినియం మడత నిచ్చెన. విప్పితే నాలుగు కాళ్ళ మీద నిలబడుతుంది. ఒక కాలికి కింద రబ్బరు తొడుగు ఊడిపోయింది. కుర్చీలు వచ్చిన అట్టపెట్టె చింపి మడిచి దాని కింద పెట్టేది మా రాయచోటామె. పెట్టి, నిచ్చెన నడుం వాటేసుకుని నిలబడేది.

"ఎక్కుక్కా, నేనుండా కదా."

"నువ్వుంటావే, ఉండేది నువ్వు. ఎక్కేది నేను."

"కిందికి యాల చూస్తాండావు? పైకి చూడు."

పైకి చూస్తే ఇంకా ఎత్తు. కిందికి చూస్తే పాలరాయి. పిక్కలు వణికేవి. పిక్కలు వణికితే నిచ్చెన వణికేది, నిచ్చెన వణికితే పైన నేను వణికేదాన్ని, ఏది ముందో ఏది వెనకో తెలిసేది కాదు. ఒక చేత్తో మెట్టు పట్టుకుంటే ఒక చేత్తోనే తుడవాలి. గాజు చుక్క ఒక చేతికి నిలవదు, గిర్రున తిరిగిపోతుంది. రెండో చెయ్యి కూడా వదిలితే గాని పని అవదు. ఆ రెండో చెయ్యి వదిలే ముందు ప్రతిసారీ ప్రభువా అనుకునేదాన్ని. అప్పుడు మా అమ్మాయి ఏలూరులో నర్సింగు చదువుతోంది. నేను పడి మంచాన పడితే నన్ను ఇంటికి పంపేస్తారు, దాని చదువు అక్కడితో సరి. రెండో చెయ్యి వదిలేటప్పుడు నాకు ఆ చదువే గుర్తొచ్చేది, మా ఆయన కాదు.

ఒకసారి తెగించి ముదీరాకి చెప్పాను. ముదీరా అంటే మా హాలు చూసుకునే ఆవిడ, సౌదీ మనిషే. చెడ్డది కాదు, పండక్కి మాకు ఖర్జూరాలు, బట్టలు ఇస్తుంది. నా వచ్చీరాని అరబ్బీలో "ఆనా ఖౌఫ్" అన్నాను, నాకు భయమని. చేతులు చాపి వణికించి చూపించాను.

ఆవిడ నవ్వలేదు. "సరే ఖాలా, మ్యాన్‌లిఫ్ట్ అడుగుదాం" అంది. ఖాలా అంటే పిన్ని. మ్యాన్‌లిఫ్ట్ అంటే కరెంటుతో పైకి లేచే బండి. కత్తెరలా ఇనప కాళ్ళు విచ్చుకుంటాయి, పైన చుట్టూ కటకటాలున్న తొట్టి, అందులో మనిషి. మాల్స్‌లో చూశాను.

ఫోను స్పీకర్లో పెట్టి దమ్మాంలో ఎవరితోనో మాట్లాడింది. నేను అక్కడే గుమ్మం తుడుస్తున్నట్టు తుడిచిందే తుడుస్తున్నాను. అద్దె ఇంత అన్నాడు. సగం రోజుకి ఇవ్వరట, పూర్తి రోజు అద్దె కట్టాల్సిందే. దాన్ని మోసుకొచ్చే లారీకి వేరే. నడిపే మనిషికి వేరే. పాలరాయి పగలకుండా కింద పరవడానికి చెక్కలు వేరే. ఒక్కో మాటకీ ఆవిడ ఫోనులో అంకె కొడుతూనే ఉంది, ప్రతి అంకెకీ నా గుండె ఒక మెట్టు దిగుతూనే ఉంది. చివరికి ఫోను నా వైపు తిప్పి చూపించింది. నాకు అంకెలు వచ్చు. చాలా పొడుగ్గా ఉంది.

"మరి నిచ్చెనకి?" అని తనే అడిగి, తనే చూపుడువేలు బొటనవేలు కలిపి గుండ్రంగా చుట్టింది. "సిఫర్."

సిఫర్ అంటే సున్నా. ఆ సున్నాలోంచి ఆవిడ కన్ను నాకు కనబడింది. "నువ్వు జాగ్రత్త మనిషివి ఖాలా. నీకేం కాదు" అంది.

జాగ్రత్తే నన్ను కాపాడేదైతే బాగానే ఉండును. ఆపద వేరే దారిలో వచ్చింది.

హాల్లో ఉన్నంతసేపూ మేము ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా తియ్యకూడదని ముదీరా మాట. పగలు ఏసీ వాళ్ళు, పూలవాళ్ళు వస్తూ పోతూ ఉంటారు. మగమనిషి లోపలికి వచ్చేముందు గుమ్మం బయట నిలబడి "యా అల్లా, యా అల్లా" అని గట్టిగా అనాలి. అది విన్నామంటే ఆడవాళ్ళం అందరం సర్దుకోవాలి. నిచ్చెన ఎక్కేటప్పుడు మాత్రం నేను అబాయా అంచుని ఎత్తి నడుం దగ్గర దోపుకునేదాన్ని, లేకపోతే కాళ్ళకి అడ్డం. లోపల ప్యాంటు ఉండనే ఉంది.

ఆ రోజు సురయ్యా పై వరస చేతుల దగ్గర ఉన్నాను. రెండు చేతులూ వదిలి ఒక చుక్కని తుడుస్తున్నాను. గుమ్మం బయట వాచ్‌మన్ గొంతు వినబడింది, "యా అల్లా!" అని. పెషావరు ముసలాయన, మంచివాడు, నీళ్ళ సీసాలు తెస్తున్నాడు. మా రాయచోటామె తల పైకెత్తి చూసింది. దానికి నేను కనబడలేదు, నా కాళ్ళు కనబడ్డాయి. అయ్యో అక్క కాళ్ళు అనుకుని, దోపుకున్న అంచుని పట్టి కిందికి ఒక్క లాగు లాగింది, మానం కాపాడదామని.

గుడ్డ వచ్చి నా కాలికి చుట్టుకుంది. నిచ్చెన పట్టుకున్న చెయ్యి మా రాయచోటామె వదిలేసింది కదా, ఆ రబ్బరు లేని కాలు అట్టముక్క మీదనుంచి జారింది. చేతికి ఏది అందితే అది పట్టుకున్నాను. అందింది సురయ్యా చెయ్యి. అది నన్ను ఆపింది, ఆపి, ఫట్‌మని వంగింది. గాజు చుక్కలు ఒక్కొక్కటే పాలరాయి మీద పడ్డ చప్పుడు ఇప్పటికీ గ్లాసు కింద పడితే నాకు వినబడుతుంది. ఒక కాలు గాలిలో ఉంది. రెండో కాలికి మెట్టు అంచు తగిలి, పిక్క చర్మం లేచిపోయింది. ఆమె కింద నిచ్చెనని తన ఒళ్ళంతా పెట్టి అదిమి పట్టుకుంది. ఆ ఒళ్ళే లేకపోతే నేను ఇది చెప్పేదాన్ని కాదు.

వాచ్‌మన్ చప్పుడు విని లోపలికి పరుగెత్తుకొచ్చాడు. వచ్చి, నన్ను చూసి, చూడకూడదని మొహం గోడకి తిప్పుకుని నిలబడ్డాడు. ఏమైందక్కా, పడిపోయావా అని గోడనే అడుగుతున్నాడు. "క్యా హువా బాజీ? గిర్ గయీ క్యా?"

నాకు పట్టు దొరికి, ఒక్కో మెట్టు ఒక్కో మెట్టు దిగి, నేల మీద కూలబడ్డాక గొంతు వచ్చింది.

"ఓసి నీ మొహం మండా, ఎందుకు లాగావే?"

"నీ కాళ్ళు కనపడతాండాయని లాగినాక్కా!" అని ఏడుస్తోంది.

"కాళ్ళు ఇరిగాక దాచి ఏం లాభమే? ప్యాంటు ఉంది కదే!"

"గుర్తుకు రాల్యా. యా అల్లా అంటానే చెయ్యి దానంతటదే పోయింది."

నేను తిట్టడం ఆపేశాను. ఆ పిలుపు వింటే నా చెయ్యి కూడా అలాగే తలమీది గుడ్డ మీదకి పోతుంది. అప్పుడు కూడా, నేల మీద కూర్చుని రక్తం కారుతుండగా, గుడ్డ సర్దుకుంటూనే తిట్టాను. అది చూసి దానికి ఏడుపులో నవ్వొచ్చింది. నాకు రాలేదు.

ముదీరా వచ్చింది. ముందు కింద పడ్డ గాజు చూసింది, తర్వాత నా పిక్క చూసింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆసుపత్రికి తీసుకెళ్ళింది, కట్టు కట్టించింది, నాలుగు రోజులు పని చెప్పలేదు. కానీ ఆ నాలుగు రోజులూ గదిలో పడుకుని నేను ఒకటే వింటున్నాను. పక్కనే ఉన్న ఆఫీసులో ఆవిడ ఫోనులో గాజు గురించే మాట్లాడుతోంది. అవి ఇక్కడ దొరకవట. ఈజిప్టు నుంచి రావాలట. వంగిన చేతిని సరిచేసే మనిషి కూడా అక్కడినుంచే రావాలట.

పెళ్ళిళ్ళ రోజులు మళ్ళీ దగ్గరపడ్డాయి. ఈజిప్టు మనిషి ఈమధ్యే వచ్చి చెయ్యి సరిచేసి కొత్త గాజు తగిలించి పోయాడు, మిగతా సురయ్యా అంతా మళ్ళీ బెల్లపు రంగుకి వచ్చింది. ఆ నిచ్చెన స్టోరు రూములో గోడకి ఆనించి ఉంటే, చీపురు కోసం కూడా నేను లోపలికి పోయేదాన్ని కాదు, రాయచోటామెని పంపేదాన్ని. ఒక రోజు ముదీరా నన్ను పిలిచింది. ఎక్కమంటే ఎక్కనని చెప్పాలని గుమ్మం దాకా అనుకుంటూ వెళ్ళాను.

ఆవిడ మళ్ళీ ఫోను నా వైపు తిప్పింది. ఒక పక్క మ్యాన్‌లిఫ్ట్ అంకె, అదే పొడుగు. ఇంకో పక్క నిచ్చెన. ఈసారి నిచ్చెన పక్కన సున్నా లేదు. గాజు, మనిషి ఖర్చు, విమానం టికెట్టు అన్నీ కలిపి లిఫ్టు కంటే పొడుగ్గా ఉంది. "నిచ్చెనే ఖరీదు ఖాలా" అంది, తనే ఆశ్చర్యపోతున్నట్టు. అందులో నా కాలు ఉందో లేదో నేను అడగలేదు. లిఫ్టు వస్తుందంది, అది చాలు.

వచ్చింది. నడిపేది కరీంనగర్ ఆయన, తెలుగు మాట వినేసరికి ప్రాణం లేచొచ్చింది. కానీ తొట్టిలో ఆడమనిషి పక్కన మగమనిషి నిలబడకూడదంది ముదీరా. కింద కూడా మీటలు ఉంటాయట, అక్కడినుంచే నడపాలి, తల ఎత్తకూడదు. ఆయన నాకు వీపు పెట్టి నిలబడి నేర్పించాడు.

"అమ్మా, బెల్టు పెట్టుకున్నవా? కొక్కెం కడ్డీకి తగిలించు. గట్టిగ గుంజి చూడు."

"గుంజానయ్యా. ఇది ఊడదు కదా?"

"నిచ్చెన ఎక్కినదానివి, గిదానికి భయపడ్తవేందమ్మా?"

"నిచ్చెనైతే ఎక్కేది నేను. ఇది దానంతటదే ఎక్కుద్ది కదయ్యా!"

"నువ్వు చెప్తెనే ఎక్కుతది. నేను మీదికి చూడ. నువ్వు ఆపు అంటె ఆపుత. గొంతు బలంగ ఉన్నది కదా, ఒర్రు."

అబాయా అంచుని నాలుగు పిన్నులతో ప్యాంటుకి గుచ్చుకున్నాను. రాయచోటామె అలవాటు కొద్దీ వచ్చి బండి ఇనప కాళ్ళు పట్టుకోబోయింది. "చేతులు తియ్యమ్మా, నలుగుతయ్!" అని ఆయన అరిస్తే ఆమడ దూరం జరిగి, రెండు చేతులూ ఏం చేయాలో తెలియక చంకల్లో పెట్టుకుంది.

తొట్టి ఒక కుదుపు కుదిపి లేచింది. కింద ఏదో బరబరమని మూలుగుతోంది. భయం పోయిందని చెబితే అబద్ధం. నిచ్చెన మీద కంటే ఎక్కువే ఉంది, ఎందుకంటే కింద నడిపే ఆయన నన్ను చూడటంలేదు, నేను ఆయన్ని చూడలేను. సురయ్యా నా మీదకి దిగుతున్నట్టు వస్తోంది. సరిచేసిన చెయ్యి కనబడింది. కొత్త గాజు తెల్లగా, చుట్టూ ఉన్నదంతా బెల్లపు రంగులో. ఇంకా వస్తోంది. తల తగిలేలా ఉంది.

"ఆపు!" అని అరిచాను. నా గొంతు హాలు నాలుగు గోడలకీ తగిలి తిరిగొచ్చింది.

ఆగింది.

కటకటాలు పట్టుకుని నిలబడ్డాను. పిక్కలు వణుకుతున్నాయి. కానీ నాతోపాటు ఏదీ వణకడంలేదు. అప్పుడు ఒక చెయ్యి తీశాను. తర్వాత రెండోది కూడా తీసి, గుడ్డ వెనిగర్ నీళ్ళలో ముంచాను.